ఖాళీ గడిలో సున్నా

మా ఆడపడుచు కొడుక్కి మాటలకంటే ముందు జవాబులు వచ్చాయి. ఉయ్యాలలో ఉన్నప్పుడే ఎవరేమన్నా తల ఊపేవాడు. వాళ్ళమ్మ దాన్ని తెలివనుకుంది. నేను మెడ నిలవలేదేమో అనుకున్నాను. ప్రశ్నలడగాల్సిన వయసులో వాడు ఒక్క ప్రశ్నా అడగలేదు, ఎవరూ అడక్కుండానే అందరికీ అన్నీ చెప్పేవాడు. చెప్పినవాటిలో సగం తప్పులు, మిగతా సగం మాకు ముందే తెలిసినవి. మా ఆయన నవ్వి వాడికి సర్వజ్ఞుడని పేరు పెట్టాడు. ఇప్పుడు వాడికి నలభై మూడేళ్ళు. ఆ పేరు వాణ్ణి వదల్లేదు, వాడూ దాన్ని వదల్లేదు. ఎగతాళిని బిరుదనుకునేవాణ్ణి ఎవరేం చేయగలరు.

వాడి చరిత్ర పెద్దదేం కాదు. మూడు కాలేజీలు మారి ఒక డిప్లమా తెచ్చుకున్నాడు. నీళ్ళ ఫిల్టర్లు అమ్మే కంపెనీలో పదేళ్ళు విభాగానికి అధిపతిగా చేశాడు. ఆ విభాగంలో వాడు కాక ఇంకొకడుండేవాడు, ఆ ఇంకొకడు తరచూ సెలవు మీద ఉండేవాడు. చొక్కా జేబులో మూడు పెన్నులు పెట్టుకుంటాడు. సంతకానికి మాత్రం పక్కవాళ్ళ పెన్ను అడుగుతాడు. వాడి పెళ్ళాం ఓర్పుగల మనిషి. వాడేం చెప్పినా "మీరన్నట్టే" అంటుంది, తర్వాత తను చేయాల్సింది చేసుకుంటుంది. ఆ ఇల్లు నిలబడింది ఆ పద్ధతి మీదే.

మాది గొడుగుల పని. కింద అంతస్తులో కుట్టు మిషన్లు, రిపేరు బల్ల. మధ్య అంతస్తులో ఆఫీసు. పైన నా గదులు. నలభై రెండేళ్ళ కింద నాలుగు మిషన్లతో మొదలుపెట్టినప్పుడు, అందులో ఒక మిషను మీద నేనే కూర్చున్నాను. గొడుగుకి ఎనిమిది ముక్కల గుడ్డ, ఎనిమిది ఊచలు. ముక్కకీ ముక్కకీ మధ్య కుట్టు ఒక్క పోగు తప్పినా నెత్తిన చుక్క పడుతుంది. కొన్నవాడు వానని తిట్టడు, మనల్ని తిడతాడు. అందుకని మా దగ్గర ఒక కట్టుబాటు ఉంది. తయారైన ప్రతి గొడుగునీ తెరిచి కుళాయి కింద పది నిమిషాలు పెట్టాలి. ఎన్ని చోట్ల చుక్క దిగిందో పిడికి కట్టిన చీటీ మీద రాయాలి. ఒక్క చుక్కా దిగకపోతే సున్నా వేయాలి. పరీక్ష చేయకపోతే చీటీ ఖాళీగా ఉంచాలి. ఖాళీ చీటీ ఉన్న గొడుగు గడప దాటకూడదు. చదువు రాని ఆడవాళ్ళు కూడా మా దగ్గర చేరిన మొదటిరోజే ఇది నేర్చుకునేవారు.

సర్వజ్ఞుడు నేర్చుకోలేదు. పదిహేడో ఏట, సెలవుల్లో ఊరికే ఉన్నాడని మా ఆయన వాణ్ణి కుళాయి దగ్గర నిలబెట్టాడు. రెండో రోజు సాయంత్రం నేను వెళ్ళి చూస్తే అరవై గొడుగులు వరసగా ఉన్నాయి, అరవై చీటీల మీదా గుండ్రంగా సున్నాలున్నాయి. గొడుగులు మాత్రం ఎండుకట్టెల్లా పొడిగా ఉన్నాయి.

"ఇవి తడిసినట్టు లేవే?" అన్నాను.

"తడిపినా సున్నాయే వస్తుందత్తా. మన కుట్టు మంచిది కదా. చీటీలు ఖాళీగా ఉంటే బాగోలేదని రాసేశాను" అన్నాడు.

ఒక గొడుగు తీసి చేతికిచ్చి కుళాయి కింద నిలబెట్టాను. మెడ మీద మూడు చుక్కలు పడ్డాయి. మిగతా యాభై తొమ్మిదింటికీ వాణ్ణే నిలబెట్టాను. తెల్లారేసరికి వాడికి జలుబు చేస్తే వాళ్ళమ్మ నాతో నెల రోజులు మాట్లాడలేదు. వాడు జలుబు గుర్తుపెట్టుకున్నాడు, సున్నా సంగతి మరిచిపోయాడు.

మా ఆయన పోయాక, వ్యాపారంలో సగం నాది, సగం ఆడపడుచుది అయింది. "ఎవరు చూసుకుంటారని దిగులెందుకు వదినా, మావాడున్నాడుగా" అంది ఆవిడ. "ఉన్నాడు" అన్నాను. ఆవిడ దాన్ని ఒప్పుకోలనుకుంది. పై వారమే సర్వజ్ఞుడు మూడు పెన్నులతో మేనేజరు గదిలో దిగాడు.

వచ్చీ రాగానే కుట్టు గదికి వెళ్ళాడనుకుంటారేమో. లేదు. గోడకి బల్లంత తెర ఒకటి బిగించాడు. "ఇకమీదట మనం కాదు అత్తా, డేటా మాట్లాడుతుంది" అన్నాడు. నలభై రెండేళ్ళూ కొన్నవాళ్ళే మాట్లాడారు, నాకది చాలింది. కానీ కొత్త గొడ్డలి చేతికొచ్చినవాడికి చెట్టు వెతుక్కోక తప్పదు.

డేటా అంటే ఏమిటో, అది ఎక్కడినుంచి ఎలా వచ్చేదో చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. మా దగ్గర గొడుగు కొన్న ప్రతివాళ్ళ పేరూ, ఈమెయిలూ, ఏ రంగు గొడుగు, ఎప్పుడు కొన్నారు, ఎప్పుడు రిపేరుకి తెచ్చారు, అంతా ఒక ప్రోగ్రాములో ఉంటుంది. దాన్ని వారానికి మూడు రోజులు వచ్చే ఒకాయన మాకోసమే రాసిపెట్టాడు. కొన్నవాళ్ళకి మెయిళ్ళు పంపేది మాత్రం వేరే కంపెనీ. ఎవరికి పంపారు, ఎవరు తెరిచారు, ఎవరు ఇక వద్దన్నారు అన్న వివరమంతా వాళ్ళ దగ్గరే ఉంటుంది. ఆ వివరం మా ప్రోగ్రాములోకి రావాలంటే మధ్యన డ్రైవరని ఒకటి పెట్టాలట. మా ప్రోగ్రాము తన సొంత రిజిస్టర్ని ఎలా అడుగుతుందో అలాగే అడుగుతుంది. ఆ ప్రశ్నని డ్రైవరు పట్టుకెళ్ళి, మెయిళ్ళ కంపెనీకి అర్థమయ్యేలా చెప్పి, వాళ్ళిచ్చింది తెచ్చి గళ్ళ పట్టికలో పరుస్తుంది. మధ్యవర్తి అన్నమాట. మంచి మధ్యవర్తి తన సొంత మాట కలపడు. ఇది కూడా కలపదు. కలిపేవాళ్ళు వేరే ఉంటారు.

ఆ ప్రోగ్రాము రాసినాయన్ని అందరూ ముని అంటారు. ముప్పై ఐదేళ్ళుంటాయి. చెవులకి రెండు దొన్నెలంత హెడ్‌ఫోన్లు పెట్టుకుని గోడ వైపు తిరిగి కూర్చుంటాడు. అడిగితే చెప్తాడు. అడిగిందే చెప్తాడు. అడగనిది ప్రాణం పోయినా చెప్పడు. పనిమంతుడే, కాదనను. కానీ నోరు అద్దెకిచ్చి తాళం పోగొట్టుకున్నవాడిలా ఉంటాడు.

మెయిళ్ళు రాసేవాళ్ళు ఇద్దరు. ఒకావిడ పద్నాలుగేళ్ళుగా మా దగ్గర ఉంది, ఉత్తరాలావిడంటాం. యాభై దాటింది. ఇంట్లో సంపాదించేది ఆవిడొక్కతే, మొగుడు నడుం పట్టి మంచం మీద ఉన్నాడు. ఆ సంగతి ఆఫీసులో ఎప్పుడూ ఎత్తదు. వానలు మొదలయ్యే ముందు, గొడుగు కొని ఏడాది దాటినవాళ్ళని రిజిస్టర్లో వెతికి, ఒక్కొక్క రకం గొడుగు కొన్నవాళ్ళకి ఒక్కొక్క ఉత్తరం రాస్తుంది. ఆవిడ నాకు చూపించడానికి పంపింది ఒకటి నా ఫోనులో ఉంది, ఉన్నదున్నట్టు చెప్తున్నాను:

"మీ ముదురాకుపచ్చ గొడుగు కొని పద్నాలుగు నెలలైంది. ఈ రకంలో మూడో ఊచ దగ్గర కుట్టు ముందుగా వదులుతుంది. పగటిపూట వెలుతురుకి పట్టి చూడండి. సూది బెజ్జమంత వెలుగు కనిపిస్తే తీసుకురండి. పది నిమిషాల పని."

అంతే. బొమ్మల్లేవు, రంగుల్లేవు. ఒకప్పుడు ఆవిడ కూడా పైన గొడుగు బొమ్మ పెట్టేది. రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన పాత కంప్యూటర్లో ఆ బొమ్మ రాక, ఖాళీ డబ్బా ఒకటి కనిపించి, "డబ్బా పంపారు, ఏం చెయ్యమంటారు" అని జవాబు రాశాడు. ఆ రోజునుంచి ఆవిడ ఉత్తరాలు ఉత్త అక్షరాలే.

రెండోవాడు మా సర్వజ్ఞుడు. వాడి మెయిల్లో మొదట గొడుగు గిరగిరా తిరుగుతుంది. దాని కింద "మేఘాలు మిమ్మల్ని అడుగుతున్నాయి" అని ఉంటుంది. ఏమడుగుతున్నాయో చివరిదాకా చదివినా తెలియదు. ఇవి తొమ్మిది వేల మందికి వెళ్తాయి.

ఆ ఏడు వానలు మొదలైన కొత్తలో, ఒక శుక్రవారం మీటింగులో వాడు తెర వెలిగించాడు. శుక్రవారం మీటింగుకి మా ఆడపడుచు కూడా వస్తుంది, కొడుకు మాట్లాడితే చూడ్డానికి. తెర మీద మెయిళ్ళన్నీ వరసగా ఉన్నాయి, పక్కన "తెరిచినవారు" అని ఒక నిలువు గడుల వరస. వాడి మెయిళ్ళ ఎదురుగా నూటికి డెబ్బై రెండు, అరవై తొమ్మిది, డెబ్బై నాలుగు. ఉత్తరాలావిడ పంపినవి పదకొండు. పదకొండింటి ఎదురుగా పదకొండు సున్నాలు.

"నేనేం అనడం లేదు. డేటా అంటోంది" అన్నాడు సర్వజ్ఞుడు, చేతులు కట్టుకుని. "పద్నాలుగేళ్ళ అనుభవం. ఒక్క మనిషి తెరవలేదు."

ఉత్తరాలావిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూసింది. సున్నాలు పోలేదు.

"ఎవరూ తెరవకపోతే రిపేరుకి వస్తున్నారు కదండీ" అంది మెల్లగా.

"వానాకాలంలో గొడుగులు రిపేరుకి రాక ఫ్యాన్లు వస్తాయా?" అన్నాడు వాడు. వాళ్ళమ్మ నవ్వింది. ఈ మాట ముందే రాసుకుని వచ్చుంటాడు, వాడికి అప్పటికప్పుడు అంత తోచదు. "వచ్చే శుక్రవారం ఆఖరి రోజు. ఈలోగా అన్నీ అప్పగించెయ్యండి."

నేను ఆ సున్నాల వంకే చూస్తున్నాను. నూటికి ఇద్దరు తెరిచారంటే నమ్ముతాను, ఒకరంటే నమ్ముతాను. వందల మందిలో ఏ ఒక్కడి వేలూ పొరపాటున కూడా తగల్లేదంటే ఎలా నమ్మను. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నాడట వెనకటికొకడు. పైగా సున్నాలన్నీ ఒక్క తీరుగా ఉన్నాయి. అలాంటి సున్నాల వరస నేను ఇంతకుముందెక్కడో చూశాను. ఎక్కడో ఆదివారం నిద్ర లేస్తూ గుర్తొచ్చింది.

సోమవారం ముని వచ్చే రోజు. వెళ్ళి భుజం మీద తట్టాను. హెడ్‌ఫోన్లు మెడలోకి దించాడు.

"బాబూ, ఆ సున్నాలు నువ్వు పెట్టావా?"

"పెట్టానండి."

"ఎందుకు?"

"సార్ పెట్టమన్నారండి. గళ్ళు ఖాళీగా ఉంటే బాగోలేదన్నారు."

కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"అంతకుముందు ఆ గళ్ళలో ఏముండేది?"

"ఏమీ లేదండి. డ్రైవరు తెచ్చింది ఖాళీనే."

"ఏమీ లేకపోతే సున్నాయేగా మరి?" అన్నాను, ఏమంటాడో చూద్దామని.

ముని మొదటిసారి కుర్చీ నా వైపు తిప్పాడు. "కాదండి. సున్నా అంటే లెక్కపెట్టాం, ఎవరూ లేరు. ఖాళీ అంటే అసలు లెక్కే పెట్టలేదు."

మా ఆయన పోయాక ఆ ఆఫీసులో ఈ తేడా తెలిసినవాడు ఇంకొకడున్నాడని ఆ రోజు తెలిసింది. తెలిసీ నోరు మూసుకున్నాడని కూడా తెలిసింది.

"ఎందుకు లెక్కపెట్టలేదు?"

చెప్పాడు. మెయిల్లో కంటికి ఆనని చుక్కంత బొమ్మ ఒకటి పెడతారట. చదివేవాళ్ళు మెయిలు తెరవగానే ఆ బొమ్మ కోసం కబురు మెయిళ్ళ కంపెనీకి వెళ్తుంది. కబురు వస్తే ఒకరు తెరిచినట్టు రాసుకుంటారు. ఉత్త అక్షరాల ఉత్తరంలో బొమ్మ ఉండదు కాబట్టి కబురూ రాదు. వెయ్యి మంది తెరిచి కంఠతా పట్టినా వాళ్ళకి తెలియదు.

"మరి మావాడి డెబ్బై రెండో?"

"కొన్నిచోట్ల మనిషి చూడకముందే మిషన్లే బొమ్మలన్నీ తెచ్చిపెట్టుకుంటాయండి. అదీ తెరిచినట్టే లెక్క."

"అంటే మావాడి కవిత్వం మిషన్లు చదువుతున్నాయి."

"కొన్నండి."

"ఇదంతా సార్‌తో చెప్పావా?"

"అడగలేదండి."

"ఇల్లు కాలుతున్నా అడిగితేనే చెప్తావా నువ్వు?"

"ఏ ఇల్లండి?" అన్నాడు, నిజంగానే.

తిట్టినా తలకెక్కదు, వదిలేశాను. ఒక్కటి అడిగాను. "ఉత్తరాలావిడ మెయిలు అందిన పది రోజుల్లో ఎంతమంది రిపేరుకి వచ్చారో చెప్పగలవా? ఉత్తరాలు వెళ్ళినవాళ్ళ పేర్లు మెయిళ్ళ కంపెనీ దగ్గరున్నాయి, మన రిపేరు రిజిస్టరు ఇక్కడుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూడు."

దానికేనట డ్రైవరు ఉన్నది. అక్కడి పట్టికా ఇక్కడి పట్టికా ఒకే ప్రోగ్రాములో, ఈమెయిలు ఈమెయిలుతో జతకలిపి అడగొచ్చు. మూడు వరసలు టైపు చేశాడు. నేను కళ్ళజోడు సర్దుకునేలోగా జవాబొచ్చింది. ఉత్తరాలు వెళ్ళింది ఆరువందల నలభై మందికి. గొడుగు పట్టుకుని వచ్చినవాళ్ళు నూట డెబ్బై ఒక్కరు. ఉత్తరం వెళ్ళనివాళ్ళలో అదే రోజుల్లో, అంతే మందికి ఎంతమంది వచ్చారని అడిగాను. ఇరవై ముగ్గురు. సర్వజ్ఞుడి తొమ్మిది వేల మందిలో పది రోజుల్లో ఏదైనా కొన్నది పద్నాలుగురు. వాళ్ళలో ముగ్గురిది మా ఆడపడుచు ఇంటిపేరు.

అప్పుడే లేచి ఉత్తరాలావిడ బల్ల దగ్గరికి వెళ్ళి చెప్పొచ్చు. పది అడుగుల దూరం. సర్వజ్ఞుడి గది తలుపు తట్టినా సరిపోయేది. కానీ వాళ్ళమ్మ వచ్చేది శుక్రవారం. తెర వెలిగేది శుక్రవారం. పదిహేడో ఏట వాడి జలుబుకి నాతో నెల రోజులు మాట్లాడని ఆ మనిషి ముందు, వాడు నోరు తెరుచుకుని నిలబడాలని నాకనిపించింది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనేవాడికి నాలుగో కాలు నలుగురిలోనే చూపించాలి. మునితో "ఎవరికీ చెప్పకు" అన్నాను. అనవసరం. ఎవరూ అడగరుగా.

బుధవారం మెట్ల మీద ఉత్తరాలావిడ ఎదురైంది. చేతిలో అట్టపెట్టె. అందులో కుర్చీ మీద వేసుకునే దిండు, భూతద్దం, మూత లేని టీ కప్పు. పద్నాలుగేళ్ళకి పోగైంది ఆ కాస్తే.

"అమ్మగారూ, ఒక్కళ్ళూ తెరవలేదంట" అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. "ఇన్నాళ్ళూ నేనెవరికి రాసినట్టు?"

"శుక్రవారం మీటింగుకి రా" అన్నాను.

"అప్పగింతలు రేపటితో అయిపోతాయమ్మా. ఇంకెందుకు?"

"రమ్మన్నాను కదా."

తల ఊపి దిగిపోయింది. గురువారం రోజంతా, ఏ రకం గొడుగు ఎక్కడ చెడుతుందో, తన తర్వాత వచ్చేవాళ్ళకోసం నోటు పుస్తకంలో ముత్యాల్లాంటి అక్షరాలతో రాస్తూ కూర్చుంది. అద్దం తలుపు లోంచి రెండుసార్లు చూశాను.

శుక్రవారం అందరూ చేరారు. సర్వజ్ఞుడు తెర వెలిగించి, పెన్నుతో పదకొండు సున్నాల మీద మెల్లగా గీత గీసినట్టు చూపించాడు. "ఉద్వేగాలకి తావు లేదు" అని మొదలుపెట్టాడు.

"ఒరేయ్, ఆ గళ్ళలో సున్నాలు ఎవరు పెట్టారు?" అన్నాను.

"డేటా పెట్టింది అత్తా."

"డేటాకి చేతులున్నాయా?"

"నీకు తెలియదు అత్తా, ఇది టెక్నాలజీ. వివరంగా చెప్తే గంట పడుతుంది."

"నాకు తెలియకే అడుగుతున్నా. గంటేం వద్దు. బాబూ మునీ, డ్రైవరు తెచ్చింది తెచ్చినట్టు చూపించు."

ముని రెండు మీటలు నొక్కాడు. పదకొండు సున్నాలూ మాయమయ్యాయి. తెల్లటి గళ్ళు మిగిలాయి. నేను ఒక్కొక్క ప్రశ్నే అడిగాను, ముని ఒక్కొక్క జవాబే చెప్పాడు. చుక్క బొమ్మ సంగతి, మిషన్లు చదవడం సంగతి, నూట డెబ్బై ఒకటి, పద్నాలుగు. ఇంటిపేర్ల దగ్గరికి వచ్చేసరికి మా ఆడపడుచు చేతిసంచిలో ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టింది.

"కుళాయి గుర్తుందా నీకు? అరవై పొడి గొడుగులు, అరవై సున్నాలు?" అన్నాను.

"ఏ కుళాయి?" అన్నాడు సర్వజ్ఞుడు.

నోరు తెరుచుకుని నిలబడతాడనుకున్నాను కదా. నిలబడలేదు. సిగ్గుపడడానికి కూడా కొంత బుర్ర కావాలి. వాడు తెర వంక చూశాడు, పెన్ను జేబులో పెట్టుకున్నాడు, గొంతు సవరించుకున్నాడు.

"అదే నేనూ చెప్పబోతున్నాను. ఖాళీకీ సున్నాకీ తేడా ఉంటుంది. మన వ్యవస్థలో ఈ లోపం ఉందని నాకు మొదటినుంచీ అనుమానమే. అందుకే అందరిముందూ పెట్టాను."

"చూశావా వదినా, మావాడు ముందే కనిపెట్టాడు" అంది వాళ్ళమ్మ సంచిలోంచి తలెత్తి.

నాలుగు రోజులు దాచుకున్న నా విజయం ఆ తల్లీకొడుకుల మధ్య పావు నిమిషంలో ఆవిరైపోయింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు. ఆ దురద నాకే మిగిలింది.

"మీరు ఉండండి. మీ సేవలు సంస్థకి అవసరం" అన్నాడు వాడు ఉత్తరాలావిడతో, ఉద్యోగం కొత్తగా ఇస్తున్నట్టు.

ఆవిడ వాడి వంక చూడలేదు. నా వంకా చూడలేదు. ముని వైపు తిరిగింది.

"బాబూ, ఇది అమ్మగారికి ఎప్పుడు చూపించావు?"

అడిగారు కాబట్టి ముని చెప్పాడు. "సోమవారమండి. పొద్దున పదకొండింటికి."

ఆవిడ వేళ్ళ మీద లెక్కపెట్టినట్టు పెదవులు కదిపింది. సోమ, మంగళ, బుధ, గురు.

"బుధవారం మెట్ల మీద నా చేతిలో పెట్టె ఉందమ్మగారూ" అంది. గొంతు పెంచలేదు. "మా ఆయనతో చెప్పాను, నా రాత ఎవరూ చదవలేదంటండీ అని. ఆ రాత్రి ఆయన నన్ను ఓదార్చాడు. మంచం మీంచి లేవలేని మనిషి."

మీటింగు అయిపోయింది, టీ వచ్చింది. ఆవిడ తాగకుండానే అట్టపెట్టె తెచ్చుకుని దిండు మళ్ళీ కుర్చీ మీద వేసుకుంది, భూతద్దం సొరుగులో పెట్టుకుంది. ఉద్యోగం నిలిచింది. అంతకుముందు రోజూ నాలుగింటికి పైకొచ్చి నాతో టీ తాగేది, ఏ గొడుగు ఎవరిదో, ఎవరేం జవాబు రాశారో చెప్పేది. ఆ తర్వాత రాలేదు. నేనూ పిలవలేదు. పిలిచేదాన్ని కాను.

సర్వజ్ఞుడికి ఆ వానాకాలం బాగా కలిసొచ్చింది. ముని చేత ఖాళీ గళ్ళలో ఒక అడ్డగీత పెట్టించాడు. ఎవరొచ్చినా తెర దగ్గరికి తీసుకెళ్ళి, "లెక్కపెట్టనిదీ లెక్కకి రానిదీ ఒకటి కాదండి, ఇది నేను మొదటే కనిపెట్టాను" అని చెప్తాడు. వ్యాపారస్తుల సంఘం వాళ్ళు పిలిస్తే వెళ్ళి దీని మీద ముప్పావు గంట మాట్లాడొచ్చాడు. వాళ్ళు ఒక జ్ఞాపిక ఇచ్చారు, తెర పక్కన పెట్టుకున్నాడు. మేఘాలు ఇంకా అడుగుతూనే ఉన్నాయి. వాడి పెళ్ళాం "మీరన్నట్టే" అంటూనే ఉంది. వాడు ఈ జన్మలో చెడిపోడు. చెడడానికి ముందు తప్పు తనదని తెలియాలి కదా.

వానలు తగ్గుముఖం పట్టాక ఒక సాయంత్రం నా ఫోనులో మెయిలొచ్చింది. నేను మూడో తరగతి చదివినదాన్ని, కూడబలుక్కుని చదువుతాను. నా పేరూ రిజిస్టర్లో ఉందన్న సంగతి మరిచిపోయాను. మా ఆయన నాకోసం కొన్న గొడుగు, మా సరుకైనా డబ్బు కట్టి రిజిస్టర్లో నా పేరు రాయాల్సిందేనన్నాడు.

"మీ నల్ల గొడుగు కొని పదకొండేళ్ళయింది. ఈ రకం ఇప్పుడు చేయడం లేదు. పిడి దగ్గర స్ప్రింగు మొండికేస్తుంది, గట్టిగా నొక్కితే వేలు కోసుకుంటుంది. తీసుకురండి. చూస్తాం."

అందరికీ రాసినట్టే రాసింది. ఒక్క మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు. రెండుసార్లు చదివాను. చదివానని ఆ తెరకి తెలియదు, అక్కడ అడ్డగీతే ఉంటుంది.

తలుపు వెనక నుంచి గొడుగు తీసి నొక్కి చూశాను. మొండికేసింది. రెండు అంతస్తులూ దిగి రిపేరు బల్ల దగ్గరికి వెళ్ళాను. ముందర ఇద్దరున్నారు. వాళ్ళ వెనక నిలబడ్డాను. వానాకాలంలో సాయంత్రంపూట ఉత్తరాలావిడే బల్ల దగ్గర కూర్చుంటుంది. నా వంతు వచ్చాక గొడుగు అందుకుంది, తెరిచింది, స్ప్రింగు చూసింది, చీటీ రాసి పిడికి కట్టింది. చుక్కల గడి ఖాళీగా వదిలింది, ఇంకా కుళాయి కింద పెట్టలేదు కదా.

"రేపు సాయంత్రం రండి" అంది, నా వెనకున్నాయన వైపు చెయ్యి చాస్తూ.